విండోలో ఒదిగే గ్రాఫు

పైథాన్‌లో డేటాతో పనిచేసేవాళ్లకు మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ను కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. కాకపోతే చాలామందికి అది నోట్‌బుక్‌లో రెండు లైన్లు రాస్తే కింద బొమ్మ గీసిపెట్టే లైబ్రరీగానే తెలుసు. డెస్క్‌టాప్ అప్లికేషన్‌లో బటన్ల పక్కన గ్రాఫును కూర్చోబెట్టే ఏర్పాటు తర్వాతెప్పుడో చేర్చిందనుకుంటారు. నిజానికి ఆ లైబ్రరీ రూపుదిద్దుకున్నదే అలాంటి విండో కోసం. నాడీశాస్త్ర పరిశోధకుడు జాన్ హంటర్ మూర్ఛ రోగుల మెదడు సంకేతాలను తెరమీద పరిశీలించడానికి జీటీకే అనే విండో టూల్‌కిట్‌తో ఒక అప్లికేషన్ రాసుకున్నారు. దాని అవసరాలే 2003లో బయటికొచ్చిన మ్యాట్‌ప్లాట్‌లిబ్ నిర్మాణానికి దారి చూపాయి. హంటర్ 2012లో, 44 ఏళ్లకే కన్నుమూశారు. ఆయన వేసిన పునాది ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఆ పునాదిలో నాకు బాగా నచ్చేది పని పంపకం. గీతలు, అక్షాలు, అక్షరాలు అన్నీ ఫిగర్‌లో ఉంటాయి. తాను ఏ విండోలో ఉన్నదీ ఫిగర్‌కు పట్టదు. గీసే పని రెండరర్‌ది. గీసినదాన్ని విండోలో చూపించడం, మౌస్ కదలికలను అందుకోవడం కాన్వాస్ పని. అందుకే టీకే అనే టూల్‌కిట్‌లో ఒక ఫిగర్ తయారుచేసి, ఫిగర్‌కాన్వాస్‌టీకేఆగ్‌కు అప్పగించి, అదిచ్చే విడ్జెట్‌ను ఫ్రేములో ప్యాక్ చేస్తే చాలు. క్యూట్‌లో ఇంకా సులువు, అక్కడ కాన్వాసే ఒక విడ్జెట్. బొమ్మను పిక్సెళ్లుగా మార్చేది మాక్సిమ్ షెమనరేవ్ సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ఆగ్ లైబ్రరీ. అది రెండుచోట్లా ఒకటే కాబట్టి టూల్‌కిట్ మారినా గీతల నునుపు మారదు.

టూల్‌కిట్‌కూ గ్రాఫుకూ మధ్య అతుకు ఎంత శ్రద్ధగా వేశారో చూడాలంటే మౌస్ క్లిక్కును గమనించాలి. టూల్‌కిట్లు ఎత్తును విండో పైఅంచు నుంచి కిందికి లెక్కపెడతాయి. గ్రాఫులో లెక్క కింది నుంచి పైకి. టీకే కాన్వాస్ కోడులో ఒక చిన్న తీసివేత ఉంటుంది: ఫిగర్ ఎత్తులోంచి మౌస్ చెప్పిన ఎత్తును తీసేస్తుంది. ఆ తర్వాత మ్యాట్‌ప్లాట్‌లిబ్ పిక్సెల్ స్థానాన్ని డేటా విలువగా మార్చి, క్లిక్కు కోసం మనం రాసుకున్న ఫంక్షన్ చేతికిస్తుంది. గ్రాఫులో అక్షాల లోపల ఎక్కడ నొక్కినా మనకు అందేది పిక్సెల్ లెక్క ఒక్కటే కాదు, అక్కడి ఉష్ణోగ్రతో, ధరో కూడా. అక్షం లాగరిథమిక్ అయినా సరే!

కాన్వాస్‌లో ఉండే డ్రా ఐడిల్ అనే ఫంక్షన్‌ది ఇంకా ముచ్చటైన పనితనం. స్లైడర్‌ను లాగుతుంటే మళ్లీ గీయమని వరసపెట్టి ఆదేశాలు వస్తాయి. ఒక్కోదానికీ బొమ్మంతా గీస్తూ పోతే విండో బిగుసుకుపోతుంది. టీకే కాన్వాస్ మాత్రం గీయాల్సిన పని ఇప్పటికే ఒకటి వరసలో ఉందా అని చూస్తుంది. ఉంటే కొత్త ఆదేశాన్ని అక్కడితో వదిలేస్తుంది. లేకపోతే విండోకు తీరిక దొరికినప్పుడు గీసేలా రాసిపెట్టుకుంటుంది. గీసేసరికి ఫిగర్‌లో ఉండేది తాజా విలువే గనక మధ్యలో వదిలేసిన ఆదేశాలతో పోయేదేమీ లేదు. కొద్ది లైన్ల కోడు, అంతే.

సొంత అప్లికేషన్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోని పైప్లాట్ మాడ్యూల్ జోలికి మాత్రం పోకపోవడం మంచిది. విండోలు తెరవడం, మూయడం అది తన చేతిలోకి తీసుకుంటుంది. ఆ పెత్తనం మన ప్రోగ్రాము దగ్గరే ఉండాలి. ఫిగర్‌ను నేరుగా తయారుచేసుకుంటే ఏ గొడవా ఉండదు.

తెలుగువాళ్లకు ఒక లోటు చాలా ఏళ్లపాటు ఉండేది. ఆగ్ దారిలో అక్షాలకు తెలుగు పేర్లు పెడితే, తెలుగు ఫాంటు ఉన్నా ఒత్తులు విడిపోయి పక్కన నిలబడేవి, ఎందుకంటే అక్షరాలను కలిపి కూర్చే పని అందులో జరిగేది కాదు. గీసే పనిని వేరుగా ఉంచడం ఇక్కడా అక్కరకొచ్చింది. ఎంపీఎల్‌కైరో అనే మరో రెండరర్‌ను రాఖ్మ్ లైబ్రరీ తోడుగా పెట్టుకుంటే ఒత్తులు వాటి చోట్ల అవి కూర్చుంటాయి. ఫిగర్‌లో గీతలు గీసిన కోడులో ఒక్క లైను కూడా మార్చక్కర్లేదు.