సెట్ మారినా బేసు పోకూడదంటే

“పాట వస్తాంది గానీ బేసు రాలేదన్నా!” కర్నూలులో గానీ కడపలో గానీ కారు స్టీరియోలు బిగించే ఆటో ఎలక్ట్రీషియన్లకు బాగా అలవాటైన ఫిర్యాదు ఇది. కంపెనీ ఇచ్చిన సెట్ పాతబడింది. ఫోన్‌తో సరిగా కలవదు, దారి చూపదు, రివర్స్ కెమెరాకు తెర లేదు. దాన్ని పీకేసి తొమ్మిది అంగుళాల ఆండ్రాయిడ్ ప్లేయర్ పెట్టించారు. తెర ధగధగలాడుతోంది, తలుపుల్లోని స్పీకర్లు పాడుతున్నాయి. డిక్కీ పక్కన ఉన్న కంపెనీ సబ్‌ఊఫర్ ఒక్కటే మూగనోము పట్టింది.

ఇలాంటప్పుడు యజమానికి రెండు రకాల సలహాలు దొరుకుతాయి. పాతదాని జోలికి పోకుండా డిక్కీలో కొత్త బేస్ ట్యూబ్ పెట్టేద్దామనేది మొదటిది. కాసేపు ఓపిక పడితే పాతదాన్నే పలికిద్దామనేది రెండోది. మొదటిది అమ్మకం, రెండోది పనితనం. ఇక్కడ చెప్పుకోవలసింది ఆ పనితనం గురించే.

రాయలసీమలో ఈ విద్య కార్లతో మొదలైంది కాదు. కడపలో ఆకాశవాణి కేంద్రం వచ్చింది 1963లో. ఫిలిప్స్ కంపెనీ బెర్లిన్‌లో చిన్న టేప్ క్యాసెట్‌ను ప్రపంచానికి చూపించిందీ ఆ ఏడాదే. ఒకటి ఊరూరా రేడియోలను పెంచితే, రెండోది కొన్నేళ్లకు టేప్ రికార్డర్లను తెచ్చిపెట్టింది. వాటిని బాగుచేసే చేతులే తర్వాత లారీల్లోకి, ట్రాక్టర్లలోకి, ఆటోల్లోకి ఎక్కాయి. ట్రాక్టర్ మడ్‌గార్డుకు స్పీకర్ బిగించి, ఇంజన్ అదురుకు సోల్డరింగ్ ఊడకుండా నిలిపినవాడికి కారు పని కష్టమేమీ కాదు. ఈ విద్యకు పాఠ్యపుస్తకం లేదు. గురువు పక్కన కూర్చుని టెస్ట్ ల్యాంప్ పట్టుకోవడమే చదువు, వైరు రంగులే అక్షరాలు.

పసుపు రంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే కరెంటు. ఎరుపు తాళం తిప్పితేనే వచ్చేది. నలుపు ఎర్త్. తెలుపు ముందు ఎడమ స్పీకర్, బూడిద రంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనుక ఎడమ, ఊదా వెనుక కుడి. బయట కొనే సెట్లలో చాలావాటికి ఈ వరస ఒకటే. కానీ కారు కంపెనీ వేసిన వైరింగ్‌కు ఈ రంగులతో సంబంధం ఉండదు, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. అందుకే పని తెలిసినవాడు రంగును నమ్మడు, మీటర్ పెట్టి చూస్తాడు.

నిజానికి కంపెనీ నుంచే సబ్‌ఊఫర్ రావడం ఈ ప్రాంతానికి కొత్త ముచ్చట. సీమ రోడ్లను ఏలిన పాత బొలెరోలు, స్కార్పియోలు, ఇన్నోవాలు తలుపు స్పీకర్లతోనే వచ్చేవి. బేసు కావాలంటే బయట బిగించుకోవలసిందే. 2017లో వచ్చిన టాటా హెక్సా పై రకంలో జేబీఎల్ వారి 10 స్పీకర్లు, అందులో ఒక సబ్‌ఊఫర్, వేరుగా యాంప్లిఫయర్ ఉన్నాయి. 2019లో హారియర్ 9 స్పీకర్లతో వచ్చింది. ఆ ఏడాదే మన పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ నుంచి సెల్టోస్ బయటికొచ్చింది. దాని ఖరీదైన రకాల్లో బోస్ వారి 8 స్పీకర్ల అమరిక, అందులోనూ సబ్‌ఊఫర్ ఉంది. ఇప్పుడు ఇలాంటి బళ్లు సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతున్నాయి. కొన్నవాడు ముందుగా చెయ్యిపెట్టేది సెట్ మీదే.

ఇంతకీ ఆ చిన్న ఊఫర్‌ను కాపాడుకోవడం ఎందుకు? బేసు అంటే సుమారు 20 నుంచి 80 హెర్ట్జ్ మధ్య పలికే అడుగు ధ్వని. 50 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు మన మే నెల ఎండలో ఏడు మీటర్ల పైచిలుకు. కారు పొడవేమో అయిదు మీటర్లకు లోపే. తరంగం కంటే గది చిన్నదైతే ఊఫర్ గాలిని నొక్కిన ప్రతిసారీ గది మొత్తంలో ఒత్తిడి పెరుగుతుంది, బేసు దానంతటదే చిక్కబడుతుంది. ఇంట్లో పెద్ద పెట్టె చేసే పనిని కారులో చిన్న ఊఫర్ చేయగలగడానికి కారణం ఇదే. కంపెనీ ఇంజనీర్లు ఆ కారు లోపలి ఖాళీని, సీట్లను, అద్దాలను కొలిచి, ఏ ధ్వనిని ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో యాంప్లిఫయర్‌లోనే అమర్చి పెడతారు. బోస్ కంపెనీ ఇలా ఒక కారు కోసమే కొలిచి చేసిన అమరికను 1983 మోడల్ అమెరికన్ కార్లలోనే తెచ్చింది. డిక్కీలో సామాను చోటు తినకుండా, ఆ బండికే కుట్టిన చొక్కాలా ఉండే వస్తువును తీసి పారేసి గొట్టం ఒకటి పడేయడం తెలివైన పని కాదు. కొత్తది గట్టిగా మోగవచ్చు. బాగా మోగుతుందని హామీ లేదు.

ఇక అసలు చిక్కు ఎక్కడంటే, ఇలాంటి కార్లలో డాష్‌బోర్డులోని సెట్ నేరుగా ఊఫర్‌ను నడపదు. సన్నని సిగ్నల్‌ను యాంప్లిఫయర్‌కు పంపుతుంది. ఆ యాంప్ సీటు కిందో డిక్కీ పక్కనో దాక్కుని ఉంటుంది. బండి ఆపినప్పుడు అది నిద్రపోవాలి, సెట్ వేయగానే లేవాలి. లేపడానికి సెట్ నుంచి 12 వోల్టులు మోసుకొచ్చే ఒక వైరు ఉంటుంది. బయటి సెట్లలో అది నీలం మీద తెల్ల గీత ఉన్న వైరు. బేసు రాలేదన్న ఫిర్యాదు వచ్చిన బండిలో అనుభవజ్ఞుడు ముందుగా వెతికేది దీన్నే. బిగించినవాడు నాలుగు స్పీకర్ల వైర్లు కలిపి, ఇదెందుకో తెలియక టేపు చుట్టి వదిలేసి ఉంటాడు.

దీని పక్కనే ఇంకో ఉచ్చు ఉంది. అచ్చంగా నీలం రంగు వైరు యాంటెన్నాకు. కొన్ని సెట్లలో అది ఎఫ్ఎం వేసినప్పుడే 12 వోల్టులు ఇస్తుంది. యాంప్‌ను పొరపాటున దానికి కలిపితే రేడియో పెట్టినప్పుడు బేసు వస్తుంది, బ్లూటూత్‌కు మార్చగానే మాయమవుతుంది. యజమాని ఫోన్‌ను తిట్టుకుంటాడు, మరికొందరు ఊఫరే పోయిందని కొత్తది కొంటారు. తప్పు ఒక్క వైరుది.

ఈ లేపే వైరుకు అడ్డదారి పరిష్కారాలూ చలామణిలో ఉన్నాయి. దాన్ని తీసుకెళ్లి తాళంతో వచ్చే కరెంటుకు కలిపేస్తే బండి స్టార్ట్ చేసినప్పుడల్లా డిక్కీలో ధబ్ మంటుంది. నేరుగా బ్యాటరీకి కలిపితే యాంప్ ఇక నిద్రపోదు. పెళ్లికి వెళ్లి నాలుగు రోజులు బండిని ఆపి వచ్చేసరికి సెల్ఫ్ తిరగదు. యాంప్‌తో పాటు ఫ్యాను, మరో యాంప్ కూడా అదే వైరు మీద ఆధారపడితే, సెట్ ఇచ్చే స్వల్పమైన కరెంటు చాలదు కాబట్టి మధ్యలో రిలే పెట్టాలి. పని తెలిసినవాడు చెప్పకుండానే పెడతాడు.

యాంప్ లేచింది. ఇప్పుడు దానికి ఎంత సిగ్నల్ ఇవ్వాలి? చాలామంది తడబడేది ఇక్కడే, యాంప్‌లు కాలేదీ ఇక్కడే. సెట్ వెనుక రెండు రకాల ద్వారాలుంటాయి. ఆర్‌సీఏ పిన్నుల్లో సాధారణంగా 2 నుంచి 4 వోల్టుల సిగ్నల్ వస్తుంది. స్పీకర్ వైర్లలో వచ్చేది బలమైనది. 4 ఓముల స్పీకర్‌కు 20 వాట్లు అందాలంటే దాదాపు 9 వోల్టులు కావాలి. కంపెనీ యాంప్ ఏ బలానికి అలవాటుపడిందో ముందు కనుక్కోవాలి. సన్నని సిగ్నల్‌కు తయారైన యాంప్‌కు 9 వోల్టులు పోస్తే బేసు బదులు గరగర వస్తుంది. బలమైన సిగ్నల్‌కు తయారైనదానికి 2 వోల్టులు ఇస్తే వాల్యూమ్ ఎంత పెంచినా నీరసమే. మొదటి సందర్భానికి అంగట్లో హై-లో కన్వర్టర్ అనే చిన్న డబ్బా దొరుకుతుంది. స్పీకర్ వైర్లను లోపలికి తీసుకుని ఆర్‌సీఏ సిగ్నల్‌గా దించి ఇస్తుంది.

కన్వర్టర్ కొనే డబ్బు మిగిల్చుకోవాలని కొందరు స్పీకర్ మైనస్ వైరును బాడీకి ఎర్త్ చేసి, ప్లస్ ఒక్కదాన్ని యాంప్‌కు పంపుతారు. ఇది కచ్చితంగా చేయకూడని పని. ఇప్పటి సెట్లలోని పవర్ ఐసీలు బ్రిడ్జ్ పద్ధతిలో నడుస్తాయి. ప్లస్, మైనస్ రెండింటిలోనూ కరెంటు ఆడుతుంటుంది. మైనస్‌ను ఎర్త్‌కు తగిలిస్తే ఐసీ రక్షణలోకి వెళ్లి మూగబోతుంది, అదృష్టం బాగోకపోతే పొగ వస్తుంది. చాలా పాత క్యాసెట్ సెట్లలో మైనస్‌లన్నీ ఉమ్మడిగా ఎర్త్‌కే ఉండేవి. అప్పటి అలవాటు ఇప్పటి సెట్‌ను బలి తీసుకుంటోంది.

డబ్బా మీద రాసిన వాట్లనూ నమ్మనక్కర్లేదు. సెట్లలో విరివిగా కనిపించే టీడీఏ 7388 అనే ఐసీని దాని తయారీదారే 4 × 45 వాట్లు అని పిలుస్తాడు. అది గరిష్ఠ మెరుపు. 14.4 వోల్టుల దగ్గర, పది శాతం వికృతిని ఒప్పుకుంటే, ఒక్కో దారిలో వచ్చేది 26 వాట్లు. కంపెనీ యాంప్‌ను పక్కకు తోసి, ఊఫర్‌ను తెచ్చి ఇలాంటి ఐసీకి నేరుగా కలపడం మరో తప్పు. కంపెనీ ఊఫర్లలో 2 ఓములవి ఉంటాయి, కొన్నింటికి రెండు కాయిల్స్ ఉంటాయి. 4 ఓముల కోసం చేసిన ఐసీ మీద 2 ఓముల బరువు పెడితే కరెంటు రెట్టింపు లాగి కాలుతుంది.

బేసు వస్తోంది గానీ పలచగా ఉందా? అప్పుడు ప్లస్, మైనస్ తిరగబడ్డాయేమో చూడాలి. తలుపు స్పీకర్లు గాలిని బయటికి నెట్టేటప్పుడు ఊఫర్ లోపలికి లాగితే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. దీనికి పాతకాలపు రేడియో మెకానిక్కులు వాడిన పరీక్షే నేటికీ మేలైనది. ఊఫర్ వైర్లను యాంప్ నుంచి విడదీసి, ఒక పెన్సిల్ సెల్‌ను వాటికి లిప్తపాటు తాకించాలి. కాగితపు శంకువు బయటికి పొడుచుకొస్తే సెల్ ప్లస్ తగిలిందే ఊఫర్ ప్లస్. లోపలికి పోతే తిరగేయాలి. ఒకటిన్నర వోల్టుల సెల్‌తో వేల రూపాయల మీటర్ చేసే పని అయిపోతుంది.

ఇంజన్ వేగంతో పాటు పెరిగే కీచుమనే రొద ఎర్త్ లోపం. సెట్‌కు ఒకచోట, యాంప్‌కు మరోచోట ఎర్త్ ఇచ్చి, ఆ రెండింటి మధ్య తేడా ఉంటే ఆల్టర్నేటర్ రొద పాటలోకి దూరుతుంది. పెయింట్ గీకి, మెరిసే ఇనుము కనిపించాక బోల్టు బిగించాలి. బేతంచెర్ల నాపరాళ్ల దుమ్ము, ఎర్రగుంట్ల సిమెంటు దుమ్ము పట్టిన బళ్లలో పాత ఎర్త్ బోల్టును విప్పి తుడిచి బిగిస్తేనే సగం రోగాలు పోతాయి.

ఎండ సంగతి సరేసరి. నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం నీడలేని చోట నిలిపిన కారులో సీటు కింది యాంప్ ముందే వేడెక్కి ఉంటుంది. కర్నూలు నుంచి నంద్యాల, మైదుకూరు మీదుగా కడపకు వెళ్లే దారిలో గట్టిగా పాటలు పెడితే మధ్యలో బేసు ఆగిపోయి, ఏసీకి బండి చల్లబడ్డాక తిరిగి రావచ్చు. అది చెడిపోవడం కాదు, కాలిపోకుండా యాంప్ తనను తాను ఆపుకోవడం. దాని మీద సంచులు, దుప్పట్లు కుక్కితే ఇంకా త్వరగా ఆగుతుంది. వేడికి ఊఫర్‌లోని రాగి కాయిల్ నిరోధం కూడా పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.4 శాతం; అందువల్లా బేసు కాస్త తగ్గుతుంది.

ఇన్ని చిట్కాలున్నా కొన్ని బళ్ల దగ్గర ఇవేవీ పారవు. వాటిలో యాంప్‌ను లేపేది వైరు కాదు, కారు కంప్యూటర్ల మధ్య తిరిగే సందేశం. ఆ మోడల్‌కు సరిపోయే క్యాన్‌బస్ డబ్బా పెడితే తప్ప యాంప్ కళ్లు తెరవదు. కొన్ని పాత జర్మన్ కార్లలో సిగ్నల్ ప్లాస్టిక్ ఫైబర్ తీగలో కాంతిగా ఉంగరంలా తిరుగుతుంది, మధ్యలో సెట్ తీసేస్తే అన్నీ మూగబోతాయి. ఇక తెరలోనే బండి సెట్టింగులన్నీ ఇమిడిపోయిన ఎక్స్‌యూవీ 700 లాంటి కొత్త బళ్లలో సెట్ మార్చే ఆలోచన మానుకోవడమే మంచిది. “దీన్ని కదిలించొద్దు” అని చెప్పి కస్టమర్‌ను వెనక్కి పంపగలిగే మెకానిక్‌ను నమ్మవచ్చు.

ఇంకో ముఖ్యమైన మాట. 2019 జులై నుంచి మన దేశంలో కొత్త కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. డాష్‌బోర్డు లోపల పసుపు గొట్టం తొడిగిన వైర్లు, పసుపు కప్లర్లు కనిపిస్తే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగువి. వాటికి టెస్ట్ ల్యాంప్ తాకించడమంటే ప్రాణంతో ఆట. సెట్ విప్పే ముందు బ్యాటరీ మైనస్ తీసి కాసేపు ఆగడం మంచి షాపుల ఆచారం.

పని ఎవరికి ఒప్పగించాలో తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: వైర్లు కోస్తావా, కప్లర్ పెడతావా? ఆ కారు సాకెట్‌కు సరిపోయే కప్లర్ దొరుకుతుంది, దొరక్కపోతే తెప్పించవచ్చు. కంపెనీ వైరింగ్‌ను కోసి ముడేసి టేపు చుడితే ఎండాకాలంలో టేపు జిగురు కరిగి ఊడుతుంది. ఆ కోతను చూపి సర్వీస్ సెంటర్‌వారు ఎలక్ట్రికల్ వారంటీని కాదనే ప్రమాదమూ ఉంది. కప్లర్‌తో చేసిన పనైతే ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పి పాత సెట్‌ను యథాస్థానంలో పెట్టుకోవచ్చు. కాబట్టి తీసిన సెట్‌ను, దాని బ్రాకెట్లను, స్క్రూలను షాపులో వదిలి రాకండి. ఒక సంచిలో వేసి ఇంటికి తెచ్చుకోండి. బండి అమ్మేనాడు కొనేవాడు అడుగుతాడు.