ఆ లైనులో మనమూ ఉన్నాం

ఒక కొండ. దాని మీదికి పెద్ద లైను. కొండకి అవతలి వైపు ‘అమెరికన్ డ్రీమ్’ ఉందట. లైను మధ్యలో ఒక తెల్లజాతి మనిషి, ఏళ్ల తరబడి పనిచేసి అలసిపోయినవాడు, ఓపిగ్గా నిలబడి ఉన్నాడు. లైను కదలదు. పైగా ముందు ఎవరెవరో వచ్చి దూరిపోతున్నారు: నల్లవాళ్లు, ఆడవాళ్లు, వలస వచ్చినవాళ్లు, శరణార్థులు, చివరికి రెక్కలకి చమురంటిన ఒక పెలికన్ పక్షి కూడా. ఆపాల్సిన ప్రభుత్వమే దగ్గరుండి వాళ్లకి దారి ఇస్తోంది.

ఆర్లీ హాక్‌షీల్డ్ 2016లో రాసిన ‘స్ట్రేంజర్స్ ఇన్ దెయిర్ ఓన్ లాండ్’ పుస్తకం మొత్తం ఈ దృశ్యం చుట్టూ తిరుగుతుంది. బర్క్‌లీలో సోషియాలజీ చెప్పిన ఆవిడ ఐదేళ్లు లూసియానాకి వెళ్లొస్తూ, తన రాజకీయాలకి పూర్తిగా ఎదురుగా ఉన్న టీ పార్టీ మద్దతుదారుల ఇళ్లలో కూర్చుని మాట్లాడింది. ఫ్యాక్టరీలు అక్కడి నీళ్లని పాడుచేశాయి. పట్టిన చేప తినాలంటే భయం. అయినా కాలుష్య నియంత్రణ వద్దనే పార్టీకే వాళ్ల ఓటు. “ఇంత అమాయకులేంటి?” అని మనం అనబోయేలోపే పుస్తకం మన నోరు నొక్కేస్తుంది. వాళ్ల లెక్క వేరు. కంపెనీ కనీసం ఉద్యోగం ఇచ్చింది. ప్రభుత్వం మాత్రం పన్ను తీసుకుని, లైనులో ఇంకెవరినో ముందుకి పంపింది. ఈ కథ నిజమా కాదా అన్నది తర్వాత సంగతి, వాళ్లకి అలా అనిపిస్తుంది అన్నదే హాక్‌షీల్డ్ మొదట వినమంటున్నది.

మనసు తెలుస్తుంది, బాగానే ఉంది. కానీ కోపం ఎప్పుడూ ఉండేదే కదా. అది రెండు పార్టీల మధ్య గోడలా ఎలా లేచింది? దీనికి జవాబు ఎజ్రా క్లైన్ ‘వై వియార్ పోలరైజ్డ్’ (2020)లో దొరుకుతుంది. 1950లో అమెరికా రాజనీతి శాస్త్రవేత్తల సంఘం వేసిన కమిటీ ఒక రిపోర్టు ఇచ్చింది. అందులో ఫిర్యాదు ఏమిటంటే, రెండు పార్టీల మధ్య తేడా చాలట్లేదు, ఓటరుకి ఎంచుకోవడానికి ఏమీ మిగలట్లేదు అని! ఇవాళ చదివితే నవ్వొస్తుంది. కానీ అప్పటి పరిస్థితి నిజంగా అదే. 1964 పౌరహక్కుల చట్టానికి సెనేట్‌లో 46 మంది డెమొక్రాట్లు, 27 మంది రిపబ్లికన్లు ఓటేశారు. 21 మంది డెమొక్రాట్లు, ఆరుగురు రిపబ్లికన్లు వద్దన్నారు. అదే 2010లో ఒబామా ఆరోగ్య బీమా చట్టానికి ఒక్క రిపబ్లికన్ ఓటు కూడా పడలేదు. ఈ మధ్యకాలంలో జాతి, మతం, పల్లె–పట్నం అన్నీ విడిపోయి, ఒక్కొక్కటీ ఒక్కో పార్టీ గుర్తుకి అతుక్కుపోయాయి.

మన దగ్గర లోక్‌సభలో మెజారిటీ ఉంటేనే ప్రధాని. అక్కడ అధ్యక్షుడిది ఒక పార్టీ, కాంగ్రెస్ చేతిలో ఉన్నది ఇంకో పార్టీ కావచ్చు. దానికి తోడు సెనేట్‌లో చాలా బిల్లులకి చర్చ ముగించాలంటేనే 100లో 60 ఓట్లు కావాలి. ఈ నిబంధన రాజ్యాంగంలో లేదు, సెనేట్ తనకు తాను పెట్టుకున్నది. పార్టీలు కలగాపులగంగా ఉన్నప్పుడు ఆ బండి ఎలాగో నడిచింది. ఇప్పుడు సాయం చేస్తే పేరు ఎదుటివాడికి, అడ్డుకుంటే వచ్చే ఎన్నికలో లాభం మనకి. మనుషులు చెడ్డవాళ్లు కానక్కర్లేదు, వ్యవస్థే అలా నడిపిస్తుందంటాడు క్లైన్. నాకు ఈ మూడు పుస్తకాల్లో ఎక్కువగా పనికొచ్చిన మాట ఇదే.

మూడోది లెవిట్‌స్కీ, జిబ్లాట్ కలిసి రాసిన ‘హౌ డెమోక్రసీస్ డై’ (2018). ప్రజాస్వామ్యాన్ని కాపాడేది చట్టాలు మాత్రమే కాదు, రాయని మర్యాదలు కూడా అంటారు వీళ్లు. ఎదుటివాడు ప్రత్యర్థే కానీ శత్రువు కాడు అనుకోవడం, చేతిలో అధికారం ఉంది కదా అని చివరిదాకా వాడేయకపోవడం. 2016లో సుప్రీంకోర్టుకి ఒబామా ఎంపిక చేసిన మెరిక్ గార్లండ్‌కి సెనేట్ కనీసం విచారణ కూడా జరపలేదు. నియమం ఏదీ తప్పలేదు, మర్యాదే తప్పింది.

ఈ పుస్తకం నిజాయితీగా ఇంకో సంగతి కూడా ఒప్పుకుంటుంది. ఆ పాత మర్యాదలు నిలబడింది నల్లవాళ్లని బయట ఉంచడం వల్లే. 1877 తర్వాత దక్షిణాదిలో వాళ్ల ఓటుహక్కుని గాలికొదిలేశాకే రెండు పార్టీల మధ్య సయోధ్య కుదిరింది. 1960ల్లో ఆ హక్కు తిరిగి వచ్చాక చీలిక మొదలైంది. ఇంత పెద్ద మాట చెప్పి, చివర్లో మళ్లీ ఆ మర్యాదల్నే నిలబెట్టుకోవాలంటారు. ఈసారి అందరినీ కలుపుకునే అంటారు, నిజమే. కానీ అందరూ లోపల ఉండగా అది ఎలా కుదురుతుందన్నది మాత్రం ఆశగానే మిగిలిపోయింది. నాకు అక్కడే అసంతృప్తి.

మళ్లీ ఆ లైను దగ్గరికే వస్తాను. డాలస్‌లో ఉన్న మా అన్నయ్య పన్నెండేళ్లుగా గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నాడు. ఏ ఒక్క దేశం వాళ్లకీ 7 శాతం మించి ఇవ్వకూడదన్న పరిమితి వల్ల మనవాళ్ల లైను అసలు కదలదు. సరిహద్దు దాటి వచ్చేవాళ్ల మాట వస్తే చాలు, “మేం పద్ధతిగా లైనులో నిలబడ్డాం, వాళ్లు గోడ దూకారు” అంటాడు. హాక్‌షీల్డ్ పుస్తకం చదివాక ఆ మాట విని ఉలిక్కిపడ్డాను. లూసియానా మనిషిదీ అక్షరాలా అదే కథ. కాకపోతే ఆ కథలో ముందుకి దూరినవాడు మా అన్నయ్య. అలా దూరారంటున్నవాళ్ల గొంతు హాక్‌షీల్డ్ పుస్తకంలో దాదాపు వినపడదు. దాని పెద్ద లోటు అదేననుకుంటాను.

వీటిని చదవాలనుకుంటే క్లైన్‌తో మొదలుపెట్టండి, హాక్‌షీల్డ్‌ని చివరికి ఉంచుకోండి. ప్రభుత్వం ఎలా నడుస్తుందో తెలిశాక ఆ లైను ఇంకోలా కనపడుతుంది. మా అన్నయ్యకి కూడా పుస్తకం పంపాను. ఇంకా తెరిచినట్టు లేడు.