జవాబు రాని మొర: 88వ కీర్తన వ్యాఖ్యానముపై ఒక విమర్శనాత్మక పరిశీలన

నిరాశలో విశ్వాసము ఎలా నిలుస్తుందో బోధించుటకు మన ప్రసంగీకులు సాధారణముగా యోబును, హబక్కూకును, 22వ కీర్తనను ఎన్నుకొంటారు. వీటన్నిటిలో విలాపము చివరికి స్తుతిగానో పునరుద్ధరణగానో మారుతుంది. 88వ కీర్తనలో ఆ మలుపు లేదు. అందుచేత అది మన ప్రసంగవేదికలపై అరుదుగా వినబడుతుంది. వినబడినప్పుడు కూడ ప్రసంగీకుడు దానికి లేని ముగింపును చేర్చుతాడు. ఈ అలవాటు కీర్తనకును, శ్రమలో ఉన్న విశ్వాసికిని అన్యాయము చేస్తున్నదని మా అభిప్రాయము.

1. కీర్తన సాక్ష్యము

ఎజ్రాహీయుడైన హేమాను పేర ఉన్న ఈ కీర్తనలో మొర మూడుసార్లు వినబడుతుంది (1, 9, 13 వచనములు). హెబ్రీ మూలములో ఈ మూడు చోట్ల మూడు వేర్వేరు క్రియాపదములు ఉన్నాయి. రాత్రింబగళ్లు, ప్రతిదినము, ఉదయమున అని మొర వేళలు మారుతాయి గాని పరిస్థితి మారదు. విలాప కీర్తనలలో తరచుగా కనబడే శత్రువులు ఇక్కడ లేరు; పాపపు ఒప్పుకోలు కూడ లేదు. తనను గోతిలో ఉంచినది, స్నేహితులను దూరము చేసినది దేవుడేనని కీర్తనకారుడు ఆయనతోనే అంటాడు. హెబ్రీలో కీర్తన చివరి మాట చీకటిని సూచించే పదమే. తెలుగు వాక్యము క్రియతో ముగియుట సహజము గనుక అనువాదములో ఆ పదము వాక్యము లోపలికి జరిగింది. మూలములో ఉన్న ఆ హఠాత్తు ఆగుదల తెలుగు పాఠకునికి అంతగా తెలియదు.

అయినను దీనిని విశ్వాసము లేని కీర్తన అనలేము. మొదటి వచనములోనే దేవుని తన రక్షణకర్తగా సంబోధించిన ఇతడు, చివరివరకు ఆయనతోనే మాటలాడుతాడు. 10–12 వచనములలోని ప్రశ్నలను గమనించండి. అద్భుతములు, కృప, విశ్వాస్యత, నీతి అనునవి నిబంధన దేవుని గూర్చిన పదములు. అవి దేవునియందు ఉన్నాయని నమ్మినవాడే, సమాధిలో ఉన్నవానికి వాటివలన ఏమి మేలని అడగగలడు.

2. పండితుల వివరణలు

విలాపమునకు స్తుతికి మధ్య యాజకుడు దేవుని రక్షణ వాక్కును ప్రకటించేవాడని యోఆకిమ్ బెగ్రిక్ 1934లో ప్రతిపాదించాడు. 22వ కీర్తన వంటి వాటిలోని ఆకస్మిక మార్పును ఇది చక్కగా వివరిస్తుంది. విలాపము స్తుతివైపు కదులుతుందని క్లాస్ వెస్టర్‌మన్ కూడ నొక్కి చెప్పాడు. ఇవి ఉపయోగకరమైన వివరణలే. కాని వీటినే కొలతగా పట్టుకొంటే 88వ కీర్తన సగములో ఆగిపోయిన రచనగా కనబడుతుంది. విలాపమును పోగొట్టుకొన్న ఆరాధన, దేవునితో నిజమైన నిబంధన సంభాషణను కూడ పోగొట్టుకొంటుందని వాల్టర్ బ్రూగ్గెమన్ 1986లో ఒక వ్యాసములో హెచ్చరించాడు. ఆ హెచ్చరిక మన సంఘములకు కూడ తగినదే.

3. ఒక ఆక్షేపణ, సంఘమునకు వర్తింపు

పునరుత్థానమును ఎరిగిన క్రైస్తవుడు చీకటిలో ఆగిపోవచ్చునా అని కొందరు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. అయితే 1662 నాటి ఆంగ్లికన్ సామాన్య ప్రార్థన గ్రంథము ఈ కీర్తనను శుభ శుక్రవారపు సాయంకాల ఆరాధనకు నియమించింది. ఆ సాయంకాలము సంఘము సమాధి యొద్ద నిలుస్తుంది. ఆదివారము వస్తుందని తెలిసినను శనివారమును దాటవేయదు. పునరుత్థాన నిరీక్షణ ఆ ఎదురుచూపును భరించుటకు బలమిస్తుంది.

మన సాక్ష్యపు కూడికలలో విజయముతో ముగిసిన అనుభవములకే చోటు దొరుకుతుంది. స్వస్థత పొందినవాడు లేచి సాక్ష్యమిస్తాడు. పొందనివాడు తన విశ్వాసము చాలలేదేమోనని లోలోపల తన్ను తాను నిందించుకొంటాడు. బిడ్డను భూస్థాపన చేసిన తల్లిని మూడవ దినమునే స్తుతించుమనుట ఆదరణ ఎలా అవుతుంది? యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా అతని ప్రక్కన కూర్చున్నప్పుడు మంచి ఆదరణకర్తలే. శ్రమకు కారణములు వివరింపబోయి తప్పిపోయారు.

కాబట్టి భూస్థాపన ఆరాధనలలోను, రోగుల పరామర్శలోను ఈ కీర్తనను చివరివరకు చదివి, ఏమియు చేర్చక ఆగుట సేవకులు నేర్చుకోవలెనని మా మనవి. జవాబు రాకపోయినను ఉదయమున మరల మొరపెట్టినవాని ప్రార్థనను లేఖనము భద్రపరచింది. అట్టి విశ్వాసికి మన సంఘములలోను చోటుండాలి.