అడగని పాటకు వకాల్తా

పెద్ద హీరో సినిమాకి రివ్యూ రాయడం ఒక ఎత్తు, ఎవరూ అడగని ఆల్బమ్‌కి రాయడం ఒక ఎత్తు. మొదటిదానికి పాఠకులు ముందే కాచుకుని ఉంటారు. రెండోదానికి రాసేవాడే పాఠకుణ్ని వెతుక్కోవాలి.

1982లో బొంబాయి సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ సింథసైజర్లతో పది హిందుస్తానీ రాగాలను డిస్కో బీట్ మీద వాయించాడు. అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువే. 2010లో ఆ రికార్డు మళ్లీ విడుదలయ్యాక, చికాగో యాసిడ్ హౌస్ అనే డ్యాన్స్ సంగీతం కంటే ముందే ఈ శబ్దం ఇక్కడ పుట్టిందా అని విన్నవాళ్లు నోరెళ్లబెట్టారు. మంచి సమీక్షకుడు ఆ ఆశ్చర్యం దగ్గరే ఆగిపోడు. పైన భైరవ్ రాగ స్వరాలు జారుతుంటే కింద టీబీ-303 సింథసైజర్ బేస్ ఎలా మెలికలు తిరుగుతోందో, డ్రమ్ మెషీన్ ఎలా తొణక్కుండా నడుస్తోందో విడమరిచి చెబుతాడు. ఆ తర్వాత వింటే అవన్నీ విడివిడిగా వినిపిస్తాయి.

ఎవరూ అడగని సినిమాలకూ ఇదే వర్తిస్తుంది. కమల్ స్వరూప్ తీసిన 'ఓం దర్-బ-దర్' సినిమా 1988 నాటిది. థియేటర్లకు వచ్చింది 2014లో. జాతకాలు చెప్పే తండ్రి, వజ్రాలు మింగిన కప్పలు... ఆ కథను ఒక పేరాలో చెప్పడం ఎవరి తరమూ కాదు. తెలిసిన సమీక్షకుడు లేని అర్థాలు అంటగట్టడు. ఎక్కడ నవ్వొచ్చిందో, ఎక్కడ బుర్ర తిరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాడు.

పాతదంతా బంగారమని ఊదరగొట్టడు కూడా. తేలిపోయిన ట్రాక్‌ని తేలిపోయిందనే అంటాడు. ఆ నిక్కచ్చితనం వల్లే, అతను బాగుందన్నప్పుడు పేరైనా తెలియని మనిషి పాటకి మనం చెవి ఒగ్గుతాం.