వంత దొరికితే కథ ఆగదు

బుర్రకథ దళంలో ముగ్గురే ఉంటారు. నడుమ తంబురా మీటుతూ, బొటనవేలి అందెలు మోగిస్తూ కథకుడు. అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథకుడు ఊపిరి తీసుకునే చోట వంతలు ఆ చరణం కొసను అందుకుని సాగదీస్తారు. హాస్య వంత ఏమీ తెలియనట్టు "అదెట్లా?" అంటాడు. కథకుడు మళ్లీ విప్పి చెప్పక తప్పదు, వెనక వరసలోని ముసలమ్మకూ సంగతి అందుతుంది. రాజకీయ వంత పల్నాటి వీరుల కథను తెచ్చి తన కాలపు వెట్టిచాకిరికీ కౌలు బాధలకూ ముడివేసేవాడు.

ఈ అమరిక వల్ల ఒక మేలుంది. వంతగా నిలబడ్డవాడికి కథంతా నోటికొస్తుంది. కథకుడు జైలుకో అజ్ఞాతానికో వెళితే వంతే నడుమకు జరగొచ్చు.

1943లో మొదలైన కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి బుర్రకథను ఊరూరికీ తీసుకెళ్లింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ దానికి కొత్త ఊపు ఇచ్చాడు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

కృష్ణా నదికి ఇవతల, ఉమ్మడి నల్లగొండలో, సుద్దాల హనుమంతు ఇంకో దారి పట్టాడు. గొల్లలు చెప్పుకునే సుద్దులను తీసుకుని తెలంగాణ సాయుధ పోరాట కథలు కట్టాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. ఊళ్లో రోజూ కనబడే మనిషే ముందు నిలబడి దొరను నిలదీస్తుంటే రైతుకూలీలకు అది పరాయి నాటకంలా తోచలేదు.

పాట చేతులు మారింది. బండి యాదగిరి కట్టిన పాటను 1979 నాటి 'మా భూమి' సినిమాలో గద్దర్ పాడాడు. అంతకుముందే, 1972లో, గద్దర్ నడిపిన జననాట్యమండలి పుట్టింది. గొంగడి, కర్ర, గజ్జెలు అందులోకీ నడిచొచ్చాయి. ఉత్తరాంధ్ర యాసను, వరసలను వంగపండు ప్రసాదరావు తెచ్చాడు. 1985లో గద్దర్ అజ్ఞాతంలోకి వెళ్లి 1990లో బయటికొచ్చాడు. తర్వాత చీలికలు వచ్చాయి, మనుషులు విడిపోయారు. 2020లో వంగపండు, 2023లో గద్దర్ కన్నుమూశారు. వాళ్ల పాటలు మాత్రం ఇతర దళాల నోళ్లలో ఉన్నాయి. పల్లవి చిన్నది, డప్పు దరువు సూటిది, వంత అందుకోవడం తేలిక. కొత్తగా చేరినవాడు ఒక సాయంత్రంలో కలిసిపోతాడు.

2002 నుంచి తెలంగాణ ఉద్యమం 'ధూంధాం' పేరుతో ఈ పద్ధతినే పెద్ద వేదికల మీదికి తెచ్చింది. రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథి ఏర్పడి కళాకారులకు నెల జీతాలు మొదలయ్యాయి, ప్రభుత్వ పథకాల మీద పాటలూ వచ్చాయి. ఉద్యోగ భద్రత దొరికింది, మంచిదే. సర్కారు జీతం మీద నిలబడ్డ దళంలో రాజకీయ వంత ఎవరిని నిలదీయాలన్నది మాత్రం ఇంకా తేలని లెక్క.