ప్రతీత్యపదవ్యుత్పత్తియు శూన్యార్థమును

నాగార్జునుని శూన్యతకు 'ఏమియు లేకుండుట' యని యర్థము చెప్పుట పాఠశాలలయందు వాడుకయైనది. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమున (2-2-31) శూన్యవాదమును సర్వప్రమాణవిరుద్ధమని యొక్కమాటతోఁ ద్రోసిపుచ్చుటయు దీనికి బలము గూర్చినది. కాని మూలమధ్యమకకారికల యిరువదినాల్గవ ప్రకరణమందు నాగార్జునుఁడు ప్రతీత్యసముత్పాదమునే శూన్యత యనుచున్నాఁడు. కావున శూన్యశబ్దముకంటె ముందు విచార్యము ప్రతీత్యపదము. అది వైయాకరణుని పని.

ఈ పదమునకు రెండు వ్యుత్పత్తులు గలవు. ప్రతిపూర్వకమైన ఇణ్ ధాతువునకు ల్యప్పు వచ్చి తుగాగమము గాఁగా 'ప్రతీత్య' యగును. హేతుప్రత్యయముల నపేక్షించి యని యర్థము. ఇది మొదటిది. 'ఇతి' యనఁగా గమనము, దానియందు సాధువులు ఇత్యములు, అనఁగా నశించునవి; 'ప్రతి' వీప్సార్థకము; నశ్వరములైన యాయా వస్తువుల పుట్టుక యని రెండవది. రూప మొక్కటే, ప్రక్రియలు వేఱు.

చంద్రకీర్తి ప్రసన్నపదారంభమున రెండవదానిని ఖండించెను. కంటిని, రూపములను ప్రతీత్య చక్షుర్విజ్ఞానము పుట్టునను నాగమవాక్యమున సమాసము లేదు. తద్ధితాంతమైనచో నది యవ్యయము గాదు గనుక విభక్తి వినఁబడవలసియుండెను. ఒక్క కంటివలన నొక్క విజ్ఞానము చెప్పఁబడినచోట వీప్సకుఁ దావును లేదు. పాణినీయులు తల యూఁపఁదగిన ఖండన మిది. దీని ఫలము రూపసిద్ధితో నాఁగదు. తద్ధితపక్షమున, నశ్వరములేయైనను, వస్తువులు ముందు సిద్ధించి పిదప వాని పుట్టుక చెప్పఁబడును. ల్యబంతపక్షమున నపేక్ష లేక పుట్టుకయే లేదు.

ఇచట నొక యాక్షేపము. రెండు క్రియలకుఁ గర్త యొక్కఁడైనపుడు పూర్వక్రియను జెప్పు ధాతువునకుఁ గదా క్త్వా విహితము (3-4-21)! ల్యప్పు దాని యాదేశమే (7-1-37). స్నానము చేసి భుజించువాఁడు స్నానమునకు ముందే యున్నాఁడు. పుట్టకమునుపు లేని విజ్ఞానము దేని నెట్లపేక్షించును? 1967లో పాట్నాయందు సంస్కృతమూలము ముద్రితమైన యభిధర్మకోశభాష్యమున వసుబంధుఁడు ఈ శంక నెత్తి, యే యవస్థలోఁ బుట్టునో యా యవస్థలోనే యపేక్షించు ననియు, నోరు తెఱచి నిద్రించుచున్నాఁడను ప్రయోగమునవలె సమకాలమందును క్త్వా యుండు ననియుఁ జెప్పెను. ఆ ప్రయోగము వైయాకరణులకుఁ బరిచితమే. సమాధానము చతురమైనది, కాని నోరు తెఱచువాఁడు తెఱచుటకు ముందే యున్నాఁడు. శంక తీరక సముత్పాదముమీఁదికి జరిగినది: పుట్టు నది యేది?

వసుబంధునికంటెఁ బూర్వుఁడైన నాగార్జునుఁడు ఎనిమిదవ ప్రకరణమైన కర్మకారకపరీక్షలో నీ మూలమునే పట్టెను. కర్త కర్మ నపేక్షించును, కర్మ కర్త నపేక్షించును. వానిలో నేదియు ముందుగా సిద్ధము గాదు. క్రియాన్వయము లేనిదే కారకత్వము లేదని నేర్చినవారికి నిది వింత గాదు. వండనివాఁడు వంటవాఁడు గాఁడు. అయినను వైయాకరణునికి వంట ముగిసిన పిదపను దేవదత్తుఁడు మిగులును. నాగార్జునుఁ డా దేవదత్తునియందును అన్యాపేక్ష లేని స్వభావము నంగీకరింపఁడు. విభేదింపఁదలఁచిన పాణినీయుఁడు విభేదింపవలసిన తావు ఇది. అభావవాదమును నాగార్జునునిపై మోపి గెలుచుట గెలుపు గాదు.

అన్నియు శూన్యములైన నీ మాటయు శూన్యమే గదా, అది దేని నెట్లు ఖండించునని ప్రతివాది యడుగఁగా విగ్రహవ్యావర్తనీవృత్తియం దుత్తరము లౌకికము: బండి, వస్త్రము, కుండ ప్రతీత్యసముత్పన్నములై స్వభావశూన్యము లయ్యును, బండి కట్టెలు మోయును, కుండ నీరు నిలుపును, వస్త్రము చలి నాఁపును, ఆ మాటయు నట్లే తన పని చేయును. శూన్యమునకు లేమి యర్థమైనచో నీ దృష్టాంత మొక్కటియుఁ బొసఁగదు. పాఠ్యవ్యాఖ్యలలో నీ చోట 'స్వభావరాహిత్య' మని దిద్దుట యుక్తము.