ఎర్రగీత చెప్పునది, చెప్పనిది

మందుల దుకాణములో కొన్న మాత్రల అట్టను త్రిప్పి చూచినచో, చాలవాటి మీద ఎడమ ప్రక్క నిలువుగా ఒక ఎర్రని గీత కనబడును. దాని వెడల్పు ఒక మిల్లీమీటరునకు తగ్గరాదని నియమము. దాని అర్థము ఒక్కటే: డాక్టరు చీటీ లేనిదే ఈ మందును అమ్మరాదు, వాడరాదు. 2016 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ ఈ గీతనే గుర్తుగా తీసికొని, యాంటీబయాటిక్కులను విచ్చలవిడిగా వాడవద్దని దేశమంతట ప్రచారము ఆరంభించినది. గ్రంథమును, నాటకమును విమర్శించినట్లే ప్రజలకు శాస్త్ర విషయము తెలుపుటకు ఏర్పరచిన గుర్తును గూడ విమర్శింపవచ్చును. అది ఏమి చెప్పుచున్నది? ఎవరికి చెప్పుచున్నది? చూచినవానికి ఏమి తెలియుచున్నది? ఈ మూడు ప్రశ్నలతో దాని గుణదోషములను విచారింతము.

మొదట గుణములు. అనేక భాషలు గల దేశములో, అక్షరము రానివారికి సైతము తెలియునట్లు ఒక రంగును ఎన్నుకొనుట మంచి ఆలోచన. ఖర్చు తక్కువ. యాంటీబయాటిక్ నిరోధకతపై 2016 మే నెలలో వెలువడిన జిమ్ ఓనీల్ నివేదిక గూడ దీనిని మంచి ఆరంభమని గుర్తించినది. ఆరంభమని అనుటలోనే, ఇంకను చేయవలసినది కలదని అర్థమున్నది.

ఇంత జాగ్రత్త ఎందుకు? కృష్ణా డెల్టా రైతునకు దీనిని వేరుగా బోధింప నక్కరలేదు. వరిలో సుడిదోమకు ఒకే మందును పదే పదే కొట్టినచో ఏమగునో అతనికి తెలియును. లొంగిన పురుగులు చచ్చును; లొంగనివి మిగిలి పిల్లలను పెట్టును. కొన్ని కాలములకు పొలములో మందుకు లొంగని పురుగులే నిండును. మన శరీరములోని బాక్టీరియాల విషయమును ఇంతియే. పెనిసిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసమునందే ఈ ప్రమాదమును హెచ్చరించెను. 2019లో నిరోధకత గల బాక్టీరియాలే ప్రత్యక్ష కారణముగా ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించిరని అంచనా. కనుక ఎర్రగీత యొక్క ఉద్దేశమును ఎవరును తప్పుపట్టజాలరు. చెప్పిన తీరులోనే లోపములున్నవి.

మొదటి లోపము: ఈ గీత యాంటీబయాటిక్కులకు మాత్రమే చెందినది కాదు. రక్తపోటునకు ప్రతిదినము వేసికొను మాత్రల అట్ట మీదను ఇదే గీత కలదు. తాతగారు ఏండ్ల తరబడి ఉదయమున ఎర్రగీత మాత్ర వేసికొనుచుండగా చూచిన ఇంటిలో, జలుబునకు తెచ్చిన ఎజిత్రోమైసిన్ మీది ఎర్రగీత ఎవరిని భయపెట్టును? దీనికి విరుద్ధముగా, ఎర్రగీత అనగా ప్రమాదమని నమ్మినవాడు మానరాని రక్తపోటు మాత్రను మానవచ్చును. ఒకటి అనవసరముగా మొదలుపెట్టరాని మందు. రెండవది డాక్టరు నడుగక మానరాని మందు. రెండింటికిని ఒకే గుర్తు చాలదు. కేరళలో యాంటీబయాటిక్కులను నీలిరంగు కవరులో ఇచ్చుటకు పూనుకొనుట ఈ లోపమును గుర్తించుటయే.

రెండవ లోపము భాషకు సంబంధించినది. అట్ట మీది హెచ్చరిక ఇంగ్లీషున, చీమతలలంతటి అక్షరములలో ఉండును. రిజిస్టర్డు మెడికల్ ప్రాక్టీషనరు వ్రాసిన చీటీ మీదనే అమ్మవలెనని దాని సారాంశము. ఆ మూడు మాటల మొదటి అక్షరములు ఆర్.ఎం.పి. మన పల్లెలలో ‘ఆర్.ఎం.పి. డాక్టరు’ అనగా ఎవరు? వైద్యకళాశాలలో చదువకయే సూది వేయు గ్రామ వైద్యుడు! చట్టము ఎవరి చేతినుండి ఈ మందులను తప్పింపదలచినదో, అతని పేరే అట్ట మీద అనుమతిగా చదువుకొను వీలున్నది. ఇట్టి అపార్థము తెలుగునాట పుట్టునని ఢిల్లీలో వ్రాసినవారికి తోచకపోవచ్చును. తెలుగున ‘ఎం.బి.బి.ఎస్. డాక్టరు చీటీ లేనిదే వాడవద్దు’ అని ఒక్క పంక్తి అచ్చువేసినచో సందేహమునకు చోటుండదు. 2014 మార్చి 1 నుండి అమలైన హెచ్1 పట్టికలోని మందులకు ఎర్రని చట్రములో మరింత గట్టి హెచ్చరిక కలదు. అమ్మకములను దుకాణదారు ప్రత్యేక పుస్తకములో వ్రాసి మూడేండ్లు దాచవలెను. కాని ఆ హెచ్చరికయు ఇంగ్లీషుననే యున్నది. పైగా దుకాణములో అట్టను కత్తెరతో కత్తిరించి నాలుగు మాత్రలిచ్చునప్పుడు, హెచ్చరిక ఒక ముక్కలోను, గడువు తేది మరియొక ముక్కలోను పోవును.

మూడవ లోపము అన్నిటికంటె పెద్దది. గీత ‘వద్దు’ అని మాత్రమే చెప్పును. డాక్టరు వ్రాసియిచ్చిన పిదప ఎట్లు వాడవలెనో చెప్పదు. రోగి కష్టములు అక్కడనే మొదలగును. ఎమాక్సిసిలిన్ రక్తములో సుమారు ఒక గంటకే సగమునకు తగ్గును. కనుక రోజునకు మూడనగా ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము అని కాదు. వీలైనంతవరకు ఎనిమిదేసి గంటల ఎడము ఉండవలెను. ఎజిత్రోమైసిన్ సగమగుటకు రెండున్నర దినములకు పైగా పట్టును. అందుచే రోజున కొక మాత్ర చాలును. సిప్రోఫ్లాక్సాసిన్, టెట్రాసైక్లిన్ వంటివి పాలలోని కాల్షియముతో కలిసి ప్రేగులలో సరిగా ఇంకవు; మాత్రను మజ్జిగతో మ్రింగు అలవాటు గలవారు ఇది గమనింపవలెను. ఐరన్ మాత్రలతోను ఇదే చిక్కు. డాక్సీసైక్లిన్‌ను గ్లాసెడు మంచినీటితో వేసికొని వెంటనే పండుకొనరాదు, అన్నవాహిక పుండుపడును. పూర్వము పెనిసిలిన్ పడనివారు డాక్టరుతో ముందుగా చెప్పవలెను. ఒంటి మీద దద్దుర్లు, ముఖము వాపు, ఆయాసము కలిగినచో మరి మాత్ర వేసికొనక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఇక ప్రచారములో వినబడు రెండవ సూత్రము, ‘కోర్సు పూర్తిచేయుడు’ అనునది. ఇది క్షయ చికిత్సకు సర్వదా సత్యము. అక్కడ మధ్యలో మానుట ప్రాణాంతకము. కాని అన్ని జబ్బులకు పొడుగు కోర్సు మేలని రుజువు లేదు. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు శాస్త్రజ్ఞులు ఈ సూత్రమునే ప్రశ్నించిరి. అవసరమునకు మించి వాడినచో ప్రేగులలోని నిరపాయమైన బాక్టీరియాలలో గూడ నిరోధకత పెరుగునని వారి వాదము. దీనినిబట్టి రోగి తనంతట మానవచ్చునని కాదు. డాక్టరు చెప్పినన్ని దినములు, అంతకు తక్కువ కాదు, ఎక్కువ కాదు అనునదే సరియైన సూత్రము. మిగిలిన మాత్రలను దాచి మరునాటి జ్వరమునకు వాడుట, ప్రక్కయింటివారికి ఇచ్చుట, పెద్దల మాత్రను విరిచి పిల్లలకు వేయుట ఎన్నడును కూడదు. జలుబు, ఫ్లూ వైరసుల వలన వచ్చును. వానిపై ఏ యాంటీబయాటిక్కు పనిచేయదు.

గీతకు అందని చోటు ఒకటి కలదు. కొల్లేటి చుట్టు, కైకలూరు ప్రాంతపు చేపల చెరువులలో వాడు మందులు పదేసి మాత్రల అట్టలలో రావు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌ల వంటివి చేపలు, రొయ్యల పెంపకములో నిషిద్ధములు. నీటికి గట్లు అడ్డు గాని నిరోధకతకు గట్టు లేదు.

భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలకు నాయకత్వము వహించిన లెడర్లీ ప్రయోగశాలలోనే, బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడియైనది. టెట్రాసైక్లిన్‌లలో అది మొదటిది. అట్టి మందులను నిలుపుకొనుటలో తెలుగువారికి బాధ్యత కలదు. విజయవాడ మొదలు బందరు వరకు ఏ ఉన్నతపాఠశాలలోనైనను ఒక పీరియడు దీనికి చాలును. ఉపాధ్యాయులు ఖాళీ అట్టలను తెప్పించి, మందు పేరు, గడువు తేది, హెచ్చరిక విద్యార్థులచే చదివించి, తెలుగున వ్రాయింపవలెను. ఏది యాంటీబయాటిక్కో, ఏది కాదో వేరు చేయింపవలెను. గీత చెప్పని మాటలను ఆ పిల్లలే ఇంటికి తీసికొనిపోయి చెప్పగలరు.